చిల్లా గుహలో కళ్ళద్దాలు

ఆగస్టు ఇరవై ఒకటి, గురువారం. ఆ పొద్దున నేను తిన్నది సర్వపిండి, దాని మీద రెండు చెంచాల గడ్డపెరుగు. సర్వపిండి నేనే చేసుకున్నాను. పిండిని గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూత పెట్టి, పొయ్యి సంగతి మరచిపోయాను. ఒక పక్క మాడింది. రెండో పక్క బాగా కుదిరింది. అనసూయ పోయిన తరువాత వంటలో నేను గట్టిగా నేర్చుకున్నది మాడని పక్క నుంచి తినడం.

ఆ తారీఖు గుర్తుండటానికి కారణం దాని మరునాడు. శుక్రవారం నమాజు అయ్యాక శామీర్‌పేట అవతల చిల్లా గుహలో ఉన్న ముడులన్నీ తీసి మట్టిలో పూడ్చేస్తామని మెహరున్నీసా నాతో మంగళవారం చెప్పింది.

మెహరున్నీసా, ఆమె భర్త బాబా మియా కరీంనగర్ రోడ్డు పక్కన జామకాయలు అమ్ముతారు. తోట వాళ్ళదే. ఆ తోట వెనకాల గుట్ట మీద ఏనాటి ఫకీరో నలభై రోజులు ఉపవాసం కూర్చున్నాడని చెప్పే గుహ ఉంది. అదే చిల్లా. దాని తాళంచెవి బాబా మియా తాతల నుంచి వాళ్ళ ఇంట్లోనే ఉంటున్నది. అనసూయ వాళ్ళ ఊరి బడిలో చాలా ఏళ్ళు టీచరుగా చేసింది. నన్ను వాళ్ళు టీచరమ్మ భర్తగానే ఎరుగుదురు. నేను మేడ్చల్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యానన్న సంగతి వాళ్ళకు తెలుసు గాని, దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

మంగళవారం జామకాయలు ఏరుకుంటుంటే మెహరున్నీసా అంది, "సారూ, టీచరమ్మ కట్టిన ముడి గట్లనే ఉన్నది. నీ కండ్ల కోసం కట్టింది. కండ్లు మంచిగైనయి గద, వచ్చి ఇప్పుకపో. శుక్రవారం దాటితే దొరకది."

అటువంటి ముడి ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండేళ్ళ కిందట నా కుడికంటి రెటీనాకు చిల్లు పడింది. లేజర్ చేశారు. చూపు నిలబడింది. ఆ మధ్యలో ఒక గురువారం అనసూయ జామకాయలకని శామీర్‌పేట వెళ్ళింది. జామకాయలు తెచ్చింది కూడా. నాకు కట్టు విప్పిన రెండు నెలలకు డెంగీ వచ్చి అనసూయే పోయింది. విప్పాల్సిన ముడి అక్కడే ఉండిపోయింది.

ఆ గుహ పద్ధతి ఇది. ముడి కట్టడానికి ఒక్కరే లోపలికి వెళ్ళాలి, ఏం కడుతున్నామో పిడికిలిలో మూసుకుని పోవాలి. తాళంచెవి ఉన్నవాళ్ళు కూడా చూడరు. కోరిక తీరాక కట్టినవాళ్ళు విప్పాలి, లేదా ఎవరి కోసం కట్టారో వాళ్ళు విప్పాలి. ఇంకెవరూ ముట్టుకోరు. నిరుడు దీపం అంటుకుని ఒక వరస గుడ్డలు కాలిపోయాయి. అందుకని పెద్దలు కూర్చుని లోపల ఇక ముడులు వద్దని తీర్మానించారు. కోరిక తీరనివాళ్ళు తమ ముడి తామే విప్పి, బయట కొత్తగా పెట్టిన ఇనుప కడ్డీలకు కట్టుకోవచ్చు. ఎవరూ రానివి శుక్రవారం మట్టిలోకి పోతాయి.

నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. కాని అనసూయ చీరలన్నీ పదకొండో రోజున ఆమె అక్కచెల్లెళ్ళు పంచుకున్నారు, అది రివాజు. ఆమె చేతిరాత పచ్చడి సీసాల మీద మిగిలింది, సీసాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నాతో చెప్పకుండా నా కోసం ఆమె చేసిన పని ఒకటి ఆ గుట్టలో వేలాడుతున్నదని తెలిశాక, దాన్ని మట్టిపాలు కానివ్వడం నా వల్ల కాలేదు. ఏం కట్టి ఉంటుందో మాత్రం మెహరున్నీసాకూ తెలియదు. ఎడమ పక్క, కింది వరసలో కట్టానని మాత్రం అనసూయ ఆమెతో అన్నదట. ఆడవాళ్ళు మామూలుగా చీరచెంగు చింపి కడతారట. అయితే మామిడిపిందె అంచున్న ఆకుపచ్చ నారాయణపేట చీర అయి ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆమె ఎక్కువగా కట్టింది అదే.

చిక్కల్లా నా అద్దాలతో వచ్చింది. నాది మైనస్ పదకొండు. అద్దాలు తీస్తే చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి ముఖం ఉండదు. ముక్కు దగ్గరకు తెచ్చుకున్నది మాత్రం ఎవరికన్నా బాగా కనిపిస్తుంది, అందుకే ఇంట్లో సూదిలో దారం ఎక్కించే పని నాది. అనసూయ సూది చాచి పట్టుకుని, "మీ ముక్కు ఇటు తెండి" అనేది. అద్దాలు పెట్టుకుంటే లోకమంతా కనిపిస్తుంది, ఆవిరి లేనంతవరకు. కుక్కర్ మూత తీస్తే ఆవిరి. చాయ్ గ్లాసు ఎత్తితే ఆవిరి. కరోనా రోజుల్లో మాస్కు వల్ల రెండేళ్ళు నేను మేడ్చల్‌ను పాలగ్లాసులోంచి చూసినట్టు చూశాను. ఇక ఆ గుహ లోపల ఇడ్లీపాత్రలా ఉంటుందని మెహరున్నీసా ముందే చెప్పింది.

బహదూర్‌పల్లిలో ఉన్న మా అమ్మాయి అశ్రితకు ఫోన్ చేశాను. గిన్నెలు తోమే సబ్బు రాసి తుడవమంది. పక్కనుంచి అల్లుడు అన్వేష్ షేవింగ్ క్రీము అన్నాడు. కాసేపటికి అశ్రితే మళ్ళీ చేసి, అవేవీ వద్దు, చిన్నపిల్లల షాంపూ మంచిదట అని చెప్పింది. ఎవరి మాట తీసేయడం ఇష్టం లేక మూడూ వరసగా రాశాను. దాంతో ఆ మధ్యాహ్నం మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎదురొచ్చిన ప్రతి బస్సు చుట్టూ ఒక ఇంద్రధనుస్సు కనిపించింది.

ఆటో యాదయ్యది. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడు. నా తిప్పలు అద్దంలో చూస్తూ, "ఇన్నేండ్లు కెమిస్ట్రీ జెప్పినవు, గిదానికి మందు లేదా సార్?" అన్నాడు. చల్లటి గాజుకు తేమగాలి తగిలితే నీళ్ళు కడతాయని మొదలుపెట్టాను. గాజు కంటే గాలి వేడిగా ఉన్నప్పుడు అన్నాను. యాదయ్య అంతా విని, "అంటె మందు లేదు" అని తేల్చేశాడు. అప్పుడు ఫెయిలయ్యాడు గాని, ఇప్పుడు పాసయినట్టే.

గుట్ట ఎక్కేలోపు వాన పడింది. చెరువు మీదినుంచి వచ్చే గాలికి చొక్కా, రుమాలు, అద్దాలు అన్నీ చల్లబడ్డాయి. అంటే ఆవిరి పట్టడానికి ఏమేం కావాలో అన్నీ నేనే వెంట తీసుకుపోతున్నాను. గుండు మీద గుండు పేర్చినట్టున్న బండల మధ్య నడుము ఎత్తు పచ్చరంగు చెక్కతలుపు. దాని ముందు చెప్పులు విప్పి పది పన్నెండు మంది నిలబడ్డారు. అందరూ రేపటి గడువు విని వచ్చినవాళ్ళే. బాబా మియా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరినే పంపుతున్నాడు. లోపల సెల్‌ఫోన్ లైటు పనికిరాదు, గబ్బిలాలు బెదురుతాయి. మనిషికొక దీపం ఇస్తారు. తలకు రుమాలు కట్టుకోవాలి.

నా వంతు వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని, గబ్బిలాల కంపుకు ముక్కుకు రుమాలు కట్టుకుని, ఒక చేత్తో దీపం పట్టుకుని వంగి దూరాను. బండ కింద నాలుగు అడుగులు పాకితే లోపల చిన్న గది. నిలబడితే తల తగులుతుంది. గోడల వెంట ఇనుపతీగలు, తీగల నిండా ముడులు ఉన్నాయని చెప్పగా విన్నాను. నేను చూసింది తెలుపు. రెండు అద్దాల నిండా పొగ పట్టి, దీపం ఉన్నచోట ఒక పసుపు మరక.

రుమాలు వల్ల నా ఊపిరే పైకి వచ్చి అద్దాలకు తగులుతున్నదని అర్థమైంది. రుమాలు తీశాను. కంపు నేరుగా కడుపులోకి పోయింది. అద్దాలు తీసి చొక్కాకు తుడిచాను. చొక్కా తడిసి ఉంది. ఇప్పుడు ఆవిరితో పాటు నీళ్ళు. పొద్దున రాసిన సబ్బు తేలి నురగ వచ్చింది. అది కళ్ళలోకి కారింది. బనీను పైకి లాగి తుడవబోతే చేతిలో దీపం చొక్కాకు తగలబోయింది. ఈ అద్దాలతో పాటు సుచిత్ర దగ్గరి కళ్ళద్దాల దుకాణంవాళ్ళు ఒక పసుపు గుడ్డ ఇచ్చారు, తుడుచుకోవడానికి. మెత్తగా, మరక లేకుండా తుడిచేది. అది ఎప్పుడో ఇంట్లోనే పోయింది. దాని కోసం ఇల్లంతా తిరగేశాను. అనసూయ కూడా నాతో పాటు మంచం కింద టార్చి వేసి మరీ వెతికింది. ఆ గుడ్డ ఒక్కటి జేబులో ఉంటే ఎంత బాగుండేదని ఆ గుహలో మోకాళ్ళ మీద కూర్చుని అనుకున్నాను.

బయట నుంచి బాబా మియా గొంతు వినిపించింది. "సార్, లోపల నమాజు చేస్తున్నవా ఏంది? ఎనక మంది ఉన్నరు, జర జల్దీ."

బయటికి వచ్చేశాను. మెహరున్నీసా నా మొహం చూసి, కొంగుతో అద్దాలు తుడిచి ఇచ్చింది. కొంగు పొడిగా ఉంది, అంతవరకు దయ. కాసేపు దీపం పక్కన అద్దాలు పట్టి వెచ్చబెట్టుకుని రెండోసారి దూరాను. ఈసారి కాస్త నయం. అంచుల్లో ఆవిరి, మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు స్పష్టంగా ఉంది. ఆ బిళ్ళలోంచి ఎడమ పక్క కింది వరస చూసుకుంటూ పోయాను. ఎరుపు, ఎరుపు, నలుపు, ఒక రిబ్బను, ఒక తాళం. తరువాత ఆకుపచ్చ. మామిడిపిందె అంచు ఉన్నట్టే ఉంది. బిళ్ళ కూడా మూసుకుపోతున్నది. తొందరగా దీపం కింద పెట్టి రెండు చేతులతో ముడితో కుస్తీ పట్టాను. మూడు ముడులు, ఒకదాని మీద ఒకటి. గోరు విరిగింది. ఎలాగో విప్పి బయటికి వచ్చి, గెలిచినవాడిలా మెహరున్నీసాకు చూపించాను.

ఆమె ఏమీ అనకముందే వరసలోంచి ఒక పెద్దావిడ ముందుకు వచ్చింది. చెవులకు బంగారు గంటీలు, చేతిలో కారు తాళాలు. పేరు లక్ష్మమ్మ అని తరువాత తెలిసింది, మేడ్చల్ దగ్గరి భూములవాళ్ళు.

"గది నాది," అంది.

నేను నా భార్య చీర అన్నాను. వెలుతురులో పట్టి చూడమంది. ఆవిరి పోయి చూపు తేలాక చూశాను. ఆకుపచ్చే. అంచులో మామిడిపిందెలు లేవు, గళ్ళున్నాయి. అనసూయది కానే కాదు.

లక్ష్మమ్మ స్టూలు అంచున కూలబడింది. ఆమెకూ తమ్ముడు రవీందర్‌కూ చెరువు వైపు భూమి లేఅవుట్ చేసే విషయంలో మాటలు ఆగిపోయాయట. రాఖీ కట్టించుకోవడానికి కూడా రాలేదట. వాడు మాట్లాడాలని కట్టిన ముడి అది. దాన్ని తన చేత్తో విప్పి బయట కడ్డీకి కట్టుకోవడానికి వచ్చింది. "ఇంక తీరని మొక్కు నువ్వెట్ల ఇప్పుతవయ్యా. నాలుగు కండ్లు వెట్టుకొని ఒక్క ముడి గుర్తువట్టరాలె. ఇగ వాడు మాట్లాడినట్టే."

ఆమె గట్టిగా తిట్టినా బాగుండేది. వరసలో ఉన్నవాళ్ళు నా వైపు చూడటం మానేశారు, అది ఇంకా కష్టంగా ఉంది. నాకు అద్దాలను గుట్ట కిందికి విసిరెయ్యాలనిపించింది. విసిరేస్తే ఇంటికి ఎలా పోవాలో తెలియదు గనుక ఊరుకున్నాను.

తీర్పు మెహరున్నీసా చెప్పింది. ఎవరు తీశారో వాళ్ళే తీసినచోట మళ్ళీ కట్టాలి, తరువాత లక్ష్మమ్మ వెళ్ళి తన చేత్తో విప్పుకోవాలి. తెలియక చేసింది గనుక దోషం లేదు. "కని గదే జాగల, గట్లనే మూడు ముడులు," అంది. బాబా మియా పక్కనుంచి, "సారు మళ్ళ పోతడా? పొద్దుగూకే దాక ఈన ఒక్కనికే సరిపోతది దుకాణం," అన్నాడు. అని, నాతో పాటు తానూ లేచాడు. దీపం తాను పడతానన్నాడు, నాకు రెండు చేతులూ కావాలి గనుక. ముడి కట్టేటప్పుడే గదా ఒక్కరు పోవాల్సింది, తప్పు దిద్దేటప్పుడు ఇద్దరు పోవచ్చట. అడిగితే ఆ నియమం అప్పుడే పుట్టిందని చెప్పేవాడేమో. నేను అడగలేదు.

మూడోసారి. లోపలికి చేరేసరికి మళ్ళీ తెలుపు. చేతుల్లో లక్ష్మమ్మ గుడ్డ, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ముక్కు మీదినుంచి చెమటతో అద్దాలు జారుతున్నాయి. ఎత్తిపెడితే వేలిముద్ర, వదిలేస్తే జారుడు. ఇక చాలనిపించింది. తీసి జేబులో పడేశాను. ఇప్పుడు తీగ కూడా కనిపించలేదు. చేత్తో తడుముకుంటూ నేను ఖాళీ చేసిన చోటు కోసం మొహం గోడకు ఆనించాను.

అప్పుడు కనిపించింది. తీగ, తీగకు పట్టిన తుప్పు, పక్క గుడ్డలో ఒక్కొక్క పోగు, దాని మీద దీపపు మసి. బెత్తెడు దూరంలో ఉన్నదంతా సూది మొనలా ఉంది. అద్దాలు లేవు గనుక ఆవిరి పట్టడానికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించినవాడికి ఈ మాట మొదటిసారే తట్టి ఉండాల్సింది. నా మీద నాకే వచ్చిన విసుగును అక్కడ పెట్టడానికి చోటు లేక మింగేశాను.

లక్ష్మమ్మ గుడ్డను దాని చోట మూడు ముడులు వేసి కట్టాను. తరువాత మొహం అలాగే గోడకు ఆనించి తీగ వెంట జరగడం మొదలుపెట్టాను. చిన్నపిల్లల మొలతాడు. గాజు. జడకుచ్చు. ఒక హాల్‌టికెట్ ముక్క.

"సార్, వాసన వట్టి దేవులాడుతున్నవా?" అన్నాడు బాబా మియా వెనకనుంచి. అంటూనే నా మొహంతో పాటు దీపాన్నీ జరుపుకుంటూ వచ్చాడు.

వరస చివర, బండ మూలలో ఒక చిన్న గుడ్డ ఉంది. చీర కాదు. అంచులు చింపినట్టు లేవు, పళ్ళు పళ్ళుగా మిషను మీద కోసినట్టున్నాయి. మసి పట్టి గోధుమరంగు తిరిగింది గాని, మడతలో పసుపు. ఆ పసుపు మీద ముక్కు పెట్టి చూస్తే నల్లటి అక్షరాలు. ఆప్టికల్స్ అని సగం, దాని కింద సుచిత్ర.

నా కళ్ళ కోసం కట్టడానికి ఆమెకు చీర ఎందుకు. అద్దాలు తుడుచుకునే గుడ్డే పట్టుకొచ్చింది. పట్టుకొచ్చి ఇక్కడ కట్టి, జామకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చి, నాతో పాటు మంచం కింద టార్చి వేసి వెతికింది. మొహం ఎంత మామూలుగా పెట్టిందో నాకు గుర్తుంది. అక్కడ లేదండీ అని కూడా అంది.

ముడి మీద చెయ్యి వేశాను. విరిగిన గోరుతో ఇంకో మూడు ముడులు విప్పాలనుకున్నాను. కాని అది అనసూయ ముడి. నా టిఫిన్ మూటకు వేసేదే, ఒక కొస బయటికి వదిలి, లాగితే ఊడిపోయేది. మీకు ముడులు విప్పడం రాదు, లంచ్ బెల్లు అయిపోతుంది, అనేది. కొస పట్టుకుని లాగాను. ఒక్క లాగుకే వచ్చేసింది.

బాబా మియా దీపం కొంచెం దించాడు, నా మొహం మీద వెలుతురు పడకుండా.

బయట వాన వెలిసింది. లక్ష్మమ్మ నా వైపు చూడకుండానే లోపలికి వెళ్ళింది. నేను అలవాటు కొద్దీ జేబులోంచి అద్దాలు తీసి, పిడికిట్లో ఉన్న గుడ్డతో తుడిచాను. రెండేళ్ళ నూనె, మసి రెండు అద్దాలకూ చక్కగా అంటుకున్నాయి. పెట్టుకుంటే మెహరున్నీసా ఉన్నచోట ఒక నల్లటి నీడ కనిపించింది. ఆ నీడ నా చేతిలోది వంగి చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది.

"టీచరమ్మ గిది కట్టిందా. నేను బంగారమో ఏందో అనుకున్న, గంత గట్టిగ మూసింది పిడికిలి."

లక్ష్మమ్మ తన ముడితో బయటికి వచ్చి, దాన్ని కడ్డీకి కట్టుకుంది. నాలుగో ముడి కూడా వేసింది. దిగబోతూ నా ముందు ఆగి, మేడ్చల్ దాకా కారులో దింపుతానంది. "గా అద్దాలతోని నువ్వు మెట్లు దిగలేవు. మా తమ్మునికి గూడ గట్లనే ఉంటయి దళసరి అద్దాలు," అంది. అని బండ అంచున కూర్చుంది, నా కోసం ఆగుతున్నట్టే.

పొద్దుగూకుతుండగా తలుపులోంచి గబ్బిలాలు వెళ్ళడం మొదలైంది. నాకు అవి గుంపుగా కదిలే మసకలా కనిపించాయి. అద్దాల మీద మసి ఏదో, గబ్బిలం ఏదో తేల్చుకోవడం కుదరలేదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు. గుడ్డను మడిచి చొక్కా పైజేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళాక ఉతకాలా వద్దా అన్నది ఇంటికి వెళ్ళాకే ఆలోచించవచ్చు.

చివరి గబ్బిలం పోయేదాకా బాబా మియా స్టూలు మీదే కూర్చున్నాడు. తరువాత లేచి లోపలికి వంగి దీపం ఆర్పాడు. కొత్తగా పుట్టిన గబ్బిలం పిల్లలు బండకు వేలాడుతూ లోపలే ఉంటాయట, చప్పుడైతే కింద పడతాయట. అందుకని తలుపు రెక్కకు అరచెయ్యి అడ్డం పెట్టి, కిర్రుమనకుండా, పెద్దవి తిరిగి వచ్చేంత సందు వదిలి, మెల్లగా దగ్గరికి వేశాడు.